సింహళం, జావా భాష: పోలిక మాటల్లోనా, వాక్యంలోనా?

పెన్నాతీరం (చర్చను ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. శ్రీలంకలోని సింహళం, ఇండోనేషియాలోని జావా భాష, ఈ రెండింటి పదపట్టికలను పక్కపక్కన పెట్టుకొని చదువుతుంటే చాలా మాటలు ఎక్కడో విన్నట్టే తోస్తున్నాయి. సముద్రాన్ని సింహళంలో 'సయుర' అంటారు, జావా భాషలో 'సెగర' అంటారు. నేలను ఒకరు 'బిమ' అంటే మరొకరు 'బుమి' అంటారు. రెండింటి లిపులూ బ్రాహ్మి నుంచి పుట్టినవే. ఇవన్నీ చూసి ఈ రెండు భాషలూ చుట్టాలని అనుకోవచ్చునా? చుట్టాలు కాకపోతే, వాటిని పోల్చడం వల్ల మనకు తెలిసేది ఏమిటి? సింహళం సుమారు కోటీ అరవై లక్షల మందికి, జావా భాష ఎనిమిది కోట్ల మంది వరకు జనానికి మాతృభాషలు. ఇంత పెద్ద భాషల గురించి తెలుగులో చదువుకోవడానికి దొరికేది చాలా తక్కువ కనుక, తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

శబ్దశోధన

చుట్టాలు కావు. సింహళం ఇండో-ఆర్య భాష. మాల్దీవుల్లో మాట్లాడే ధివేహి దానికి సొంత తోబుట్టువు. హిందీ, మరాఠీ, బెంగాలీలు దూరపు తోబుట్టువులు. జావా భాష ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి చెందినది. మలయ్, బాలి భాషలు, ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్, ఎక్కడో ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ భాష కూడా దాని వర్గమే. మీకు కనిపించిన పోలికంతా సంస్కృతం వల్ల వచ్చినదే కాని, ఆ సంస్కృతం రెండు భాషల్లోకి వచ్చిన దారులు వేరు. ఆ దారులు విడదీసి చూడకపోతే పదపట్టిక మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

చేతికి ఉన్న మాటనే తీసుకోండి. 'హస్త' అనే మాట ప్రాకృతం మీదుగా తరతరాల సింహళుల నోళ్ళలో అరిగి 'అత' అయింది. పండితుడైనా, పొలంలో పనిచేసే మనిషైనా చేతిని 'అత' అనే అంటాడు, ఎందుకంటే అది అతని సొంత వారసత్వం. జావా భాషలో చేతికి మామూలు మాట 'తఙన్'. 'అస్త' అనే మాట కూడా ఉంది కాని, అది పెద్దల చేతిని గురించి గౌరవంగా చెప్పవలసినప్పుడు వాడే మాట. నీటికి ఇంటి మాట 'బన్యు', మర్యాద మాట 'తోయ'. ఇంటికి మామూలు మాట 'ఒమహ్', మర్యాద మాట 'గ్రియ'; ఇది మన 'గృహ'మే. తలకు మామూలు మాట 'ఎండస్', దాని పైమెట్టున 'సిరహ్', ఇంకా పైన 'ముస్తక'. అంటే జావా భాషలో సంస్కృతం చాలావరకు మేడమీద నివసిస్తుంది; కింది అంతస్తు అచ్చంగా ఆస్ట్రోనేషియన్.

ఇది తెలుగువారికి కొత్త సంగతి కాదు. నీళ్ళు, జలం, ఇల్లు, గృహం, చేయి, హస్తం అని మనం కూడా జంటలు కట్టుకొని బతుకుతున్నాం. సంస్కృతంతో జావా భాషకు ఉన్న సంబంధం, సింహళానికి ఉన్న సంబంధం కంటే తెలుగుకు ఉన్న సంబంధానికే దగ్గర. ప్రాచీన జావా భాషకు జోట్‌మూల్డర్ కూర్చిన నిఘంటువు 1982లో వెలువడింది. అందులోని పాతిక వేలకు పైగా ఉన్న ఆరోపాల్లో (అర్థం చెప్పిన తలమాటల్లో) దాదాపు సగం సంస్కృతం నుంచి వచ్చినవే. తూర్పు జావాలో కెడిరి ప్రాంతపు సుకబుమి శాసనం క్రీ.శ. 804 నాటిది, ప్రాచీన జావా భాషలో తేదీ గల శాసనాల్లో అదే మొదటిదని చెబుతారు. ఆ తరువాత వచ్చిన రామాయణ కకవిన్ (ప్రాచీన జావా భాషలోని రామాయణ కావ్యం) కొంతవరకు సంస్కృతంలోని భట్టికావ్యాన్ని అనుసరించి సాగుతుంది. ఇదంతా పండితులు, ఆస్థానాలు, గ్రంథాల ద్వారా జరిగిన పని. పక్కింటివారితో కలిసి బతకడం వల్ల జరిగినది కాదు.

కొలంబో ప్రవాసి

శబ్దశోధన గారు పదాల గురించి చెప్పారు కనుక నేను వాక్యం గురించి చెబుతాను, ఎందుకంటే ఇక్కడికి వచ్చిన కొత్తలో నన్ను విస్మయపరిచింది అదే. కింది వాక్యాలను మాటకు మాట పెట్టి చూడండి.

'మమ కడెన్ మాళు గత్తా' అంటే 'నేను కొట్లోంచి చేపలు తీసుకున్నాను'. 'మమ గత్త పొత' అంటే 'నేను తీసుకున్న పుస్తకం'. 'ఎయా ఎనవా కియలా మమ హితువా' అంటే 'అతను వస్తాడని నేను అనుకున్నాను'. చివరి వాక్యంలోని 'కియలా' అనే మాటకు 'చెప్పి' అని అర్థం. మనం 'అను' ధాతువు నుంచి 'అని' తెచ్చుకుని ఎక్కడ అతికిస్తామో, వారు దాన్ని సరిగ్గా అక్కడే అతికిస్తారు. 'మమ యన్నే గెదర' అంటే 'నేను వెళ్ళేది ఇంటికి'. నొక్కి చెప్పవలసిన మాటను చివరికి తెచ్చి, క్రియను 'వెళ్ళేది' అన్నట్టు మార్చడం కూడా మన పద్ధతే. నేను తెలుగు వాక్యాన్ని మనసులో అనుకుని, సింహళపు మాటలను వరుసగా దించితే పదిలో ఎనిమిదిసార్లు సరిపోతుంది. ఇండో-ఆర్య భాషతో అలా కుదరడం హిందీ నేర్చుకున్నప్పుడు కూడా నాకు అనుభవంలోకి రాలేదు.

ఇప్పుడు జావా వాక్యం చూడండి: 'అకు తుకు ఇవక్ నెఙ్ పసర్'. మాటకు మాట 'నేను – కొన్నాను – చేప – లో – బజారు'. 'నేను కొన్న పుస్తకం' అనాలంటే 'బుకు సిఙ్ దక్‌తుకు', అంటే పుస్తకం ముందు వస్తుంది, దాని వివరం తరువాత వస్తుంది. సంస్కృతం నుంచి వేల మాటలు తీసుకున్నా ఈ వాక్యపు కట్టు మాత్రం కదలలేదు.

అక్క, మామ, అమ్మ అనే మాటలు ఇక్కడ కూడా అవే. మేనబావను, బావమరిదిని 'మస్సినా' అంటారు, మేనమరదలిని 'న్యానా' అంటారు. మేనరికపు వరసలు చెప్పే ఈ పద్ధతి కూడా దక్షిణాదిదే. ఇంతటి పోలిక రావడానికి సింహళం, తమిళం ఒకే దీవిలో రెండు వేల ఏళ్ళుగా ఇరుగుపొరుగున ఉండడమే కారణమని నా అభిప్రాయం.

మధ్యేమార్గం

కొలంబో ప్రవాసి గారు చెప్పిన వాక్యాల పోలిక నిజమే అయినా, దాన్నంతటినీ తమిళం ఖాతాలో జమ కట్టడానికి నేను వెనుకాడతాను. దక్షిణాది నుంచి అరువు తెచ్చుకున్నదయితే క్రియ చివర 'ను, వు, డు' వంటి ప్రత్యయాలు బలంగా నిలవాలి. మాట్లాడే సింహళంలో అవి పూర్తిగా పోయాయి: 'మమ యనవా, ఓయా యనవా, ఎయా యనవా', అంటే నేను, నువ్వు, అతను అందరికీ క్రియ ఒకటే. తమిళంలో, తెలుగులో అలా లేదు, మలయాళంలో ఉంది. విచిత్రం ఏమిటంటే, రాసే సింహళంలో ఆ ప్రత్యయాలు ఇప్పటికీ ఉన్నాయి: 'మమ యమి, ఒహు యయి'. పత్రికలో ఒక వ్యాకరణం, ఇంట్లో మరొక వ్యాకరణం నడుస్తున్నాయి.

ఇంకొక సంగతి. ప్రాణమున్నవాటికి 'ఇన్నవా', ప్రాణం లేనివాటికి 'తియెనవా' అని సింహళం 'ఉండు' అనే క్రియనే రెండుగా చీల్చుకుంది. 'పొత' అంటే ఆ పుస్తకం, 'పొతక్' అంటే ఒక పుస్తకం, 'పొత్' అంటే పుస్తకాలు. బహువచనం ఏకవచనం కంటే పొట్టిగా ఉండడం తమిళం నేర్పిన విద్య కాదు. దీవిలో ఉత్తరాది సోదరభాషలకు దూరమై, తనంతట తాను మార్చుకున్నది కూడా చాలా ఉందని మరచిపోకూడదు.

శబ్దశోధన

మధ్యేమార్గం గారి హెచ్చరికను ఒప్పుకుంటాను. అయితే సహజీవనం వాక్యాన్ని ఎంత మార్చగలదో చూపడానికి అదే దీవిలో మరొక సాక్ష్యం ఉంది, పైగా అది జావాకూ లంకకూ నడుమ నిజంగా ఉన్న బంధం. డచ్చివారు తమకు ఎదురుతిరిగిన జావా రాజవంశీయులను లంకకు ప్రవాసం పంపేవారు. జావాలోని మాతారం రాజ్యపు రాజు మూడవ అమంగ్కురత్‌ను 1708లో అలాగే పంపారు. వారి వెంట వచ్చిన పరివారం, డచ్చి సైన్యంలో పనిచేసిన ద్వీపాంతర సైనికులు కలిసి నేటి శ్రీలంక మలయ్ సమాజంగా మారారు. సింహళంలో వారిని 'జా' జనం అంటారు. కొలంబోకు ఉత్తరాన ఉన్న 'జా-ఎల' అనే ఊరి పేరులోని 'జా' కూడా అదేనని చెబుతారు.

వారి ఉమ్మడి భాష మలయ్ అయింది, జావా భాష నిలవలేదు. అసలు మలయ్‌లో 'ఇంటికి' అనాలంటే 'కె రుమా', అంటే 'కి' అనే మాట ముందు వస్తుంది, క్రియ వాక్యం మధ్యలో ఉంటుంది. శ్రీలంక మలయ్‌లో 'నాఙ్' అనే విభక్తి నామం తరువాత వచ్చి చేరుతుంది, క్రియ వాక్యం చివరికి వెళ్ళిపోయింది. మూడు వందల ఏళ్ళ లోపు ఒక ఆస్ట్రోనేషియన్ భాష వాక్యం తిరగబడింది. అది తమిళం ప్రభావమా, సింహళం ప్రభావమా అని పండితులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. జావాలో ఉన్న జావా భాషను మాత్రం వెయ్యేళ్ళ సంస్కృత పాండిత్యం అంగుళం కూడా కదిలించలేదు. గ్రంథం మాటలను ఇస్తుంది, వాకిలి వాక్యాన్ని ఇస్తుంది అని నేను నమ్ముతున్నాను.

ఇంతకు ముందే బౌద్ధం ద్వారా కూడా రాకపోకలు ఉండేవి. మధ్య జావాలో ప్రంబానన్ దగ్గరి రతు బోకో గుట్ట మీద దొరికిన 792 నాటి సంస్కృత శాసనంలో లంకలోని అభయగిరి విహారం పేరు ఉంది. కాని ఆ సంబంధం భిక్షువులకే పరిమితమైంది. రెండు భాషలూ ఒకదాని మీద ఒకటి పెద్దగా ముద్ర వేసుకోలేదు.

సోలో బాటసారి

నేను ఉద్యోగరీత్యా మధ్య జావాలోని సోలో నగరంలో ఉన్నాను. శబ్దశోధన గారు 'మేడమీది సంస్కృతం' అన్నారు గాని, ఆ మేడ అసలు ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే జావా భాష గురించి చెప్పినట్టే కాదు. ఇక్కడి భాషకు మెట్లు ఉన్నాయి. సమానులతో, చిన్నవారితో మాట్లాడేది 'ఙొకొ', కొత్తవారితో, పెద్దలతో మాట్లాడేది 'క్రమ'. ఇవి కాక, గౌరవించవలసిన మనిషి చేసే పనులకు, ఆయన శరీరానికి, ఆయన ఇంటికి వాడే 'క్రమ ఇఙ్గిల్' అనే మాటల గుంపు వేరే ఉంది. తినడం అనేది ఙొకొలో 'మఙన్', క్రమలో 'నెడ', క్రమ ఇఙ్గిల్‌లో 'డహర్'. నిద్రపోవడం వరుసగా 'తురు', 'తిలెమ్', 'సరె'. వెళ్ళడం 'లుఙ', 'కెసహ్', 'తిండక్'.

నేను అద్దెకున్న ఇంటి యజమాని కొడుకు పదేళ్ళ పిల్లవాడు. తండ్రిని భోజనమైందా అని అడగాలంటే 'బపక్ సంపున్ డహర్?' అంటాడు. తండ్రి అదే ప్రశ్న తిరిగి అడిగేటప్పుడు 'విస్ మఙన్?' అంటాడు. పిల్లవాడి జవాబు 'కుల సంపున్ నెడ'. ఒకే అన్నం, మూడు క్రియలు! ఆ పిల్లవాడు పొరపాటున తన తిండికి 'డహర్' అంటే తల్లి వెంటనే సరిదిద్దుతుంది, ఎందుకంటే తనను తాను గౌరవించుకునే మాట వాడడం ఇక్కడ అమర్యాద. 'సంపున్' కూడా 'విస్' అనే మాటకు క్రమ రూపమే. అంటే ముఖ్యమైన క్రియే కాదు, 'అప్పుడే', 'ఇది', 'కాదు' వంటి చిన్న మాటలు కూడా మెట్టు మారగానే మారిపోతాయి. మన 'నువ్వు, మీరు' తేడా దీని ముందు చాలా చిన్నది. ('కుల' అని రాసినా ఇక్కడ 'కులొ' అని పలుకుతారు. పదాంతంలోని 'అ' ఈ ప్రాంతంలో 'ఒ'కు దగ్గరగా వినిపిస్తుంది, జావాను కూడా 'జొవొ' అనే అంటారు.)

తాళపత్రం

సోలో బాటసారి గారి ఉదాహరణ చదివినప్పటి నుంచి ఒక ఆలోచన వదలడం లేదు. మనకు కూడా ఆ మూడో మెట్టు ఉంది. కాకపోతే దాన్ని గుడికి అప్పగించాం. స్వామి వస్తే 'వేంచేస్తారు', తింటే 'ఆరగిస్తారు', పడుకుంటే 'పవళిస్తారు'. ఇంట్లో తాతగారికి కూడా ఈ మాటలు వాడం. సింహళంలో ఇదే వరుస బౌద్ధ భిక్షువులకు ఉందని చదివాను: భిక్షువు వస్తే, వెళితే 'వడినవా', భోంచేస్తే 'వళఁదనవా', నిద్రిస్తే 'స్యతపెనవా'. జావా భాషలో 'రవుహ్', 'డహర్', 'సరె' సరిగ్గా ఇవే మూడు పనులకు కన్నతండ్రికి వాడే మాటలు. మూడు సమాజాలు అదే రకమైన మాటల అలమారను కట్టుకున్నాయి. ఒకటి దాన్ని దేవుడి ముందు, ఒకటి భిక్షువు ముందు, ఒకటి తండ్రి ముందు తెరుస్తుంది. మన తెలుగులో ఈ మాటలు ఇంట్లో ఎప్పుడైనా వాడుకలో ఉండేవా అన్నది పాత సాహిత్యం చదివినవారు చెప్పాలి.

కొలంబో ప్రవాసి

తాళపత్రం గారు చెప్పినది సరైనదే, ఇక్కడ నేను రోజూ వింటున్నాను. దానధర్మాల రోజున భిక్షువులు ఇంటికి వచ్చినప్పుడు, అదే గదిలో, అదే నిమిషంలో, పిల్లలకు 'కన్న' (తినండి) అన్న నోటితోనే భిక్షువులకు 'వళఁదన్న' అంటారు. కాని గృహస్థులు తమలో తాము ఎంత పెద్దవారైనా ఈ మాటలు వాడరు. 'నువ్వు' అనడానికి మాత్రం సింహళంలో ఓయా, ఉంబ, తో, ఒబ అని చాలా మెట్లు ఉన్నాయి, ఏది ఎవరికి వాడాలో నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. చాలామంది సర్వనామం తప్పించి, 'అక్కా', 'మహత్తయా' అని వరసతోనో హోదాతోనో పిలిచి గట్టెక్కుతారు.

అక్షరరేఖ

లిపి గురించి, ధ్వని గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. జావా లిపికి 'హనచరక' అని పేరు. ఇరవై అక్షరాలు, వాటిని వరుసగా చదివితే ఇద్దరు దూతలు పోట్లాడుకుని సమబలులై ఇద్దరూ మరణించారనే కథ వస్తుంది. పల్లవ లిపి నుంచి, ప్రాచీన జావాలో వాడిన 'కవి' అనే లిపి మీదుగా వచ్చినది కనుక మనకు దాని పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. రెండు హల్లులు కలిస్తే రెండోది 'పసఙన్' రూపంలో చాలామటుకు కింద చేరుతుంది, అచ్చంగా మన ఒత్తులాగే. సింహళంలో యకార, రకార సంయోగాల వంటివి కొన్ని తప్ప, సాధారణంగా మొదటి హల్లు మీద హల్ గుర్తు పెట్టి రెండింటినీ పక్కపక్కన రాస్తారు.

ఖ, ఘ వంటి ఒత్తక్షరాల గతి చూడండి. మహాప్రాణాలు సింహళుల నోట ఎప్పుడో పోయాయి, రాతలో తత్సమాల కోసం మిగిలాయి. జావా భాషకు అవి మొదటి నుంచీ పలకనివి. కాని అక్షరాలను పారేయకుండా 'ముర్ద' అని పేరు పెట్టి, గౌరవనీయుల పేర్లు రాయడానికి కేటాయించారు. సోలో బాటసారి గారు చెప్పిన మర్యాద మెట్లు అక్షరాల దాకా వచ్చాయన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పోలిక అరసున్నది. సింహళంలో 'కంద' అంటే కొండ, 'కఁద' అంటే చెట్టు మొదలు. రెండోదానిలో నాసిక్యం సగమే పలుకుతుంది, దానికి వేరే అక్షరమే ఉంది. మనం 'వాఁడు', 'ఏఁడు' అని బడిలో అరసున్న నేర్చుకుని పలకడం మానేశాం. పూర్వం మన పెద్దల నోట అది ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే సింహళుల 'కఁద' వినవచ్చు. జావావారు కూడా ఊరి పేర్లను పలికేటప్పుడు బందుఙ్‌ను 'మ్బందుఙ్' అని, బంతుల్‌ను 'మ్బంతుల్' అని ముక్కుతో మొదలుపెడతారు. అయితే వారికి అది అర్థాన్ని మార్చే తేడా కాదు. దంత్య, మూర్ధన్యాల తేడా మాత్రం ఇద్దరికీ ఉంది. ఆస్ట్రోనేషియన్ భాషల్లో అది అరుదు. జావా భాషలో 'వెది' అంటే భయం, 'వెడి' అంటే ఇసుక.

నేటి స్థితి వేరు. 1956 చట్టంతో సింహళం అధికార భాషగా నిలిచి, దాని లిపి బడిలో, బస్సు మీద, ఫోనులో వాడుకలో ఉంది. ఇండోనేషియాలో 1928 యువజన ప్రతిజ్ఞ నాటి నుంచి మలయ్ ఆధారమైన భాషనే జాతీయ భాషగా ఎంచుకున్నారు. అక్కడ అన్నిటికంటే ఎక్కువమందికి మాతృభాష అయిన జావా భాషకు ఆ స్థానం దక్కలేదు. హనచరక ఇప్పుడు వీధి పేర్ల పలకల మీద, బడిలో ఒక పాఠంగా మిగిలి, మామూలు రాత రోమన్ లిపిలో సాగుతోంది. అంత సంపద ఉన్న లిపికి అది తగిన గతి కాదని నా బాధ.

పెన్నాతీరం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక ప్రశ్న. రెండు భాషలూ పూర్తిగా వేర్వేరు సామగ్రితో ఒకే పని సాధించిన చోటు వ్యాకరణంలో ఏదైనా ఉందా? సంస్కృతం నుంచి వచ్చినది, ఇరుగుపొరుగు నుంచి వచ్చినది తీసేస్తే పోల్చడానికి ఇంకేమైనా మిగులుతుందా?

శబ్దశోధన

ఉంది: మన ప్రమేయం లేకుండా జరిగే పనులను చెప్పే తీరు. సింహళంలో 'మమ నటనవా' అంటే నేను కావాలని నాట్యం చేస్తున్నాను. 'మట న్యటెనవా' అంటే నాకు తెలియకుండానే ఒళ్ళు ఆడుతోంది ('న్య' దగ్గర 'బ్యాంకు'లోని అచ్చును పొట్టిగా పలకాలి). కర్త 'నాకు' అయింది, క్రియలోని అచ్చులు మారాయి. 'మట నింద గియా' అంటే నాకు నిద్ర పట్టింది. ఇది తెలుగువాడికి వివరించనక్కరలేదు.

జావా భాషలో 'నాకు' అనే కర్త లేదు. అక్కడ మాటకు ముందు 'కె', చివర 'అన్' చేరి ఆ పని చేస్తాయి. 'తురు' అంటే నిద్రపోవడం, 'కెతురొన్' అంటే అనుకోకుండా నిద్రలోకి జారిపోవడం. 'ఉదన్' అంటే వాన, 'కొదనన్' అంటే వానకు దొరికిపోవడం. 'మలిఙ్' అంటే దొంగ, 'ఒమహ్‌కు కెమలిఙన్' అంటే మా ఇంట దొంగలు పడ్డారు. సింహళం ఆ మనిషిని కర్త స్థానం నుంచి చతుర్థికి జరిపి, పని అతని చేతిలో లేదని చూపుతుంది. జావా భాష మనిషిని అక్కడే ఉంచి, క్రియకే ఆ ముద్ర వేస్తుంది. తెలుగు మొదటి దారిలోనూ వెళుతుంది, 'జారిపోయాను', 'తడిసిపోయాను' అని 'పోవు' చేర్చి రెండో దారిలాంటి దానిలోనూ వెళుతుంది. ఈ మూడింటినీ కలిపి ఎవరైనా తెలుగులో ఒక వ్యాసం రాస్తే బాగుంటుంది.

కొలంబో ప్రవాసి

ఆ పనికి ఇక్కడే మంచి ఆధారం దొరకవచ్చు. శ్రీలంకలో అహికుంటకులనే సంచార సమాజంవారు ఇంట్లో తెలుగు, బయట సింహళం మాట్లాడతారు. అనురాధపుర ప్రాంతంలో వారి ఊళ్ళు ఉన్నాయి. తెలుగు 'నాకు', సింహళపు 'మట' ఒకే నోట ఎలా సర్దుకుంటున్నాయో వారి మాట విని రాసుకోవాలి.

సోలో బాటసారి

పెన్నాతీరం గారు జావా భాష నేర్చుకోవాలని అనుకుంటే ఒక సూచన. 'మఙన్' ఒక రోజు, 'డహర్' మరొక రోజు అని విడివిడిగా నేర్చుకోవద్దు. మఙన్, నెడ, డహర్ మూడూ ఒకే ఆరోపం కింద, ఎవరు తింటే ఏది అన్న వివరంతో సహా రాసుకోండి. కొత్తవారితో మొదలుపెట్టేటప్పుడు క్రమలోనే మొదలుపెట్టండి. వారు ఙొకొకు దిగమన్నాకే దిగండి.